బొమ్మలు పైన, బడి కింద: ఫిలడెల్ఫియా ఫైన్ ఆర్ట్స్ అకాడమీ గురించి

(తెలుగు కుటుంబాల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలవాళ్లకి వినబడుతోందా అండీ? సరే, అయితే మొదలుపెడతాను.

ముందు ఒక ప్రశ్న. ఇక్కడున్నవాళ్లలో ఫిలడెల్ఫియా వెళ్లినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. దాదాపు అందరూ వెళ్లినవాళ్లే. ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే తీసుకెళ్తాం కదా. లిబర్టీ బెల్ చూపిస్తాం, ఇండిపెండెన్స్ హాల్ చూపిస్తాం, పెద్ద మ్యూజియం, అంటే ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం, మెట్ల దగ్గర ఫొటోలు దిగి ఇంటికొచ్చేస్తాం. మంచిదే. ఇప్పుడు రెండో ప్రశ్న. పెన్సిల్వేనియా అకాడమీ ఆఫ్ ది ఫైన్ ఆర్ట్స్ లోపలికి వెళ్లినవాళ్లు ఎంతమంది? ఒకరు, ఇద్దరు... అమ్మా, మీరూనా? చాలా సంతోషం. ముగ్గురు.

ఈ ముగ్గురు వచ్చే ఏడాదికి ముప్పై మంది కావాలని నా ఆశ. అందుకే వచ్చాను.

ఎక్కడుంది అంటారా? సిటీ హాలు దగ్గర నిలబడి బ్రాడ్ స్ట్రీట్ మీద ఉత్తరం వైపు నడవండి. ఐదు నిమిషాలు పట్టదు. ఎడమ పక్కన చెర్రీ స్ట్రీట్ మూల మీద ఒక భవనం కనబడుతుంది. ఆ ఊరివాళ్లు పొట్టిగా పాఫా అంటారు. 1805లో పెట్టారు. అమెరికాలో చిత్రకళ బడీ, మ్యూజియమూ కలిసి ఉన్నచోట్లలో ఇంతకంటే పాతది లేదు.

నేనివాళ చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. మళ్లీ మళ్లీ చెప్తాను, ఏమీ అనుకోకండి. దాన్ని మ్యూజియం అనుకుని వెళ్తే సగమే చూసి వస్తారు. అది బడి. పిల్లలు చూసి నేర్చుకోవాలని బొమ్మలు తెచ్చి పెట్టారు. ఆ బొమ్మలు చూసి నేర్చుకున్న పిల్లలు పెద్దవాళ్లై వేసిన బొమ్మలు మళ్లీ అక్కడికే చేరాయి. ఇది మనసులో పెట్టుకుని తిరిగితే ప్రతి గదీ వేరేగా కనిపిస్తుంది.

దీన్ని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు చార్లెస్ విల్సన్ పీల్. ఆయన మొదట నేర్చుకున్న పని గుర్రపు జీన్లు కుట్టడం. తర్వాత చిత్రకారుడయ్యాడు. జార్జ్ వాషింగ్టన్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పలుమార్లు చిత్రించిన మనిషి. కొడుకులకి పెట్టిన పేర్లు వినండి: రఫేల్, రెంబ్రాంట్, రూబెన్స్, టిషియన్. చిత్రకళ మీద ఆ మనిషికున్న భక్తి అలాంటిది. 1794లో ఒకసారి కొలంబియానం అని ఒక కళాకారుల సంఘం పెట్టాడు, నిలబడలేదు. వదిలేశాడా? వదల్లేదు. 1805 చివర్లో, ఏ ఇండిపెండెన్స్ హాల్లో దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకుందో ఆ భవనంలోనే ఊరి పెద్దల్ని కూడగట్టి అకాడమీకి సంతకాలు పెట్టించాడు. శిల్పి విలియం రష్ ఆయనకి తోడున్నాడు. సంతకాలు పెట్టినవాళ్లలో ఎక్కువమంది లాయర్లూ వ్యాపారులూను. చిత్రకారులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేరు, వైద్యం, వ్యాపారం. బొమ్మలు మనకెందుకు, అవి వేసేవాళ్ల వ్యవహారం కదా అనుకుంటాం. ఆ అకాడమీ నిలబడింది బొమ్మలు వెయ్యడం రానివాళ్ల డబ్బుతో, వాళ్ల పట్టుదలతో.

పెట్టగానే మొదట ఏం తెప్పించారో తెలుసా? గొప్ప గొప్ప తైలవర్ణ చిత్రాలు కాదు. పారిస్ నుంచి ప్లాస్టర్ అచ్చులు. గ్రీకు, రోమను శిల్పాలకి పోతపోసిన నకళ్లు. ఎందుకు? పిల్లలు వాటి ముందు కూర్చుని గీసుకోవాలి. మనిషి శరీరం ఎలా నిలబడుతుంది, బరువు ఏ కాలి మీద పడుతుంది, వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలవుతుంది, ఇవన్నీ కదలని తెల్లటి బొమ్మ ముందు కూర్చుని నేర్చుకోవాలి. బడి అంటే నేను చెప్పేది ఇదే. 1845లో అగ్నిప్రమాదం జరిగి మొదటి భవనంతో పాటు ఆ అచ్చులు చాలా పోయాయి. మళ్లీ తెప్పించుకున్నారు. ఇప్పటికీ అక్కడ అచ్చుల గది ఉంది, ఇప్పటికీ వాటి ముందు కూర్చుని గీస్తున్నారు.

సరే, ఇప్పుడు ఒక బొమ్మ దగ్గర ఆగుదాం. తెర మీద వేస్తారా బాబూ? ఆఁ, అదే.

ఇది పీల్ 1822లో వేసుకున్న తన చిత్రం. ‘తన మ్యూజియంలో చిత్రకారుడు’ అంటారు. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. ఎనిమిది అడుగులు దాటిన ఎత్తు, అంటే మనిషి నిలువెత్తుగా ఉంటాడు. చూడండి, కుడిచేత్తో ఎర్రటి తెర పైకెత్తి పట్టుకున్నాడు. బంగారు కుచ్చుల తెర. రండి, లోపలికి రండి అని పిలుస్తున్నాడు. తెర వెనక పొడవాటి హాలు. గోడ పొడుగునా అరలు, అరల్లో పక్షులు. ఆ అరల పైన మనుషుల చిత్రాలు. అకాడమీ కాక ఆయనకి సొంతంగా ఒక ప్రకృతి మ్యూజియం ఉండేది లెండి, ఇది ఆ హాలు. లోపల కొంతమంది కనబడుతున్నారు. ఒక తండ్రి చేతిలో పుస్తకం పట్టుకున్న కొడుక్కి ఏదో వివరిస్తున్నాడు. ఆ వెనక ఒకావిడ రెండు చేతులూ పైకెత్తి ఆశ్చర్యపోతోంది. దేన్ని చూసి? తెర కింద కుడివైపు చూడండి, పెద్ద పెద్ద ఎముకల కాళ్లు కనబడుతున్నాయా? అది మాస్టొడాన్ అస్థిపంజరం, ఏనుగులాంటి పాతకాలపు జంతువు. 1801లో న్యూయార్క్ రాష్ట్రంలో పీల్ దగ్గరుండి తవ్వించి తీయించింది. మనకి కాళ్లు మాత్రమే చూపించి మిగతాది తెర వెనక దాచాడు. చూడాలంటే లోపలికి వెళ్లాలి మరి! కుడివైపు బల్ల మీద రంగుల పలక. ఎడమవైపు కింద చచ్చిన టర్కీ కోడి, దాని పక్కన తోలు ఒలిచి లోపల కూరి నిలబెట్టే పనిముట్లు. నేను చిత్రకారుణ్ణి, నేను ప్రకృతి శాస్త్రం చదివినవాణ్ణి, రెండూ ఒకటే పని అంటున్నాడు పెద్దాయన. శ్రద్ధగా చూడడమే ఆ పని. ఈ ఒక్క బొమ్మ ముందు పావుగంట నిలబడండి. తొందరపడకండి.

ఇక భవనం. ఇప్పుడున్నది అకాడమీ మొదటి భవనం కాదు. 1876లో, అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండి ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన పెట్టిన ఏడాది, ఏప్రిల్ 22న తెరిచారు. కట్టినవాళ్లు ఫ్రాంక్ ఫర్నెస్, జార్జ్ హ్యూవిట్. ఫర్నెస్ అంతర్యుద్ధంలో గుర్రపు దళంలో పోరాడి అత్యున్నత సైనిక పతకం పొందినవాడు. బయటి గోడ చూస్తే ఇటుక, గరుకు రాయి, నున్నటి గులాబి గ్రానైటు స్తంభాలు, రాతిలో చెక్కిన పువ్వులు. ఎక్కడా ఊపిరాడనివ్వడు! కొంతమందికి నచ్చదు. చాలాకాలం ఆ ఊరికీ నచ్చలేదు, ఆయన కట్టినవి ఎన్నో పడగొట్టేశారు. ఇది మిగిలింది మన అదృష్టం.

లోపలికి అడుగుపెట్టండి. గుమ్మం దాటగానే మెట్లు. ఆ మెట్లు ఎక్కేటప్పుడు తల పైకెత్తి చూడండి. నీలం రంగు కప్పు, దాని నిండా వెండి నక్షత్రాలు. గోడలు ముదురు ఎరుపు, ఆ ఎరుపు మీద చెక్కి బంగారు పూత పూసిన పువ్వులు. తిరుణాలలో రథం అలంకరించినట్టు ఉంటుంది. మధ్యలో కొన్ని దశాబ్దాలు ఈ అలంకారం చాలా భాగం మరుగున పడిపోతే 1976 నాటికి మళ్లీ పాత రూపానికి తెచ్చారు.

కానీ నేను మిమ్మల్ని చూడమనేది అలంకారం కాదు. అమరిక చూడండి. పై అంతస్తులో గ్యాలరీలు, కప్పులో అద్దాలు, పైనుంచి పగటి వెలుగు. కింది అంతస్తులో తరగతి గదులు, ఉత్తరం వైపు పెద్ద కిటికీలు. ఎందుకు ఉత్తరం? ఎండ నేరుగా పడదు, వెలుగు గంటగంటకీ మారదు, మోడల్ మీద నీడ కుదురుగా ఉంటుంది. చిత్రకారుడు అడిగే మొదటి సౌకర్యం అదే. ఇనుప దూలాలు కొన్నిచోట్ల దాచకుండా కనబడనిచ్చారు. కింద బడి, పైన బొమ్మలు. కింద గీస్తూ గీస్తూ సందేహమొస్తే మెట్లెక్కి, పెద్దవాళ్లు ఆ చెయ్యి ఎలా వేశారో చూసి, దిగొచ్చి మళ్లీ గీసుకోవచ్చు. నూటయాభై ఏళ్ల నాడు ఇంత ఆలోచించి కట్టారండీ ఆ ఇల్లు.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. ఇది వినండి, ముఖ్యంగా కూతుళ్లున్నవాళ్లు. 1824లోనే అన్నా పీల్, సారా పీల్ అనే అక్కచెల్లెళ్లని అకాడమీ సభ్యులుగా ఎన్నుకుంది. పీల్ గారి తమ్ముడి కూతుళ్లు. కానీ ఎన్నుకోవడం వేరు, నేర్పడం వేరు. బట్టల్లేని మనిషిని చూసి గీయడం రాకపోతే ఆ రోజుల్లో పెద్ద చిత్రాలు వెయ్యడం కుదరదు. ఆడపిల్లలకి దాన్ని ఎలా నేర్పాలి? మొదట వాళ్లకి అచ్చుల గది వేరే వేళల్లో తెరిచారు. 1868లో ఆడవాళ్లకి ప్రత్యేకంగా లైఫ్ క్లాస్ పెట్టారు, మోడల్ కూడా ఆడమనిషే. ఆ క్లాసు ఎలా ఉండేదో అందులో చదివిన ఆలిస్ బార్బర్ అనే అమ్మాయి 1879 ప్రాంతంలో చిన్న బొమ్మగా వేసింది. అట్ట మీద, నలుపు తెలుపుల్లో, అరచేతులు రెండూ చాపినంత ఉంటుందంతే. గది నిండా అమ్మాయిలు, పొడుగు గౌన్లు, బొమ్మ నిలబెట్టుకునే ఈజిళ్లు, పక్కన ఎత్తు మీద మోడల్. ఒక్కళ్లూ మన వైపు చూడరు. అందరి చూపూ పని మీదే. ఇంత చిన్న బొమ్మ, నాకైతే ఆ భవనంలోని పది పెద్ద బొమ్మల పెట్టు.

మేరీ కసాట్ పేరు విన్నారు కదా? తల్లీబిడ్డల బొమ్మలు వేసిన ఆవిడ. పదహారేళ్లప్పుడు ఇక్కడే చేరింది, తర్వాత పారిస్ వెళ్లిపోయింది. సిసీలియా బో 1895లో ఇక్కడ పంతులమ్మ అయింది, ఇక్కడ శాశ్వతంగా పాఠం చెప్పిన మొదటి మహిళ. అదే ఏడు ఆవిడ వేసిన ‘న్యూ ఇంగ్లండ్ స్త్రీ’ అక్కడే ఉంది. తెల్ల బట్టల్లో, తెల్లటి వెలుగులో, కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ. ఒక్క తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో అక్కడ చూసి నేర్చుకోవాలి.

థామస్ ఈకిన్స్ దగ్గరికి వస్తాను. ఈయన ఇక్కడ చదివి, పారిస్ వెళ్లొచ్చి, 1876లో జీతం లేకుండా పాఠాలు మొదలుపెట్టి, 1882కల్లా డైరెక్టరయ్యాడు. ఆయన పద్ధతి ఏమిటి? అచ్చులు గీస్తూ కూర్చుంటే చాలదు, బతికున్న శరీరం చూడు, శవాన్ని కోసి చూడు, ఎముక ఎక్కడుంది, కండ ఎక్కడ అంటుకుంది తెలుసుకో. తరగతిలోకి గుర్రాన్ని తీసుకొచ్చాడు. ఆవుని తెచ్చి నిలబెట్టి అమ్మాయిల చేత మట్టిబొమ్మ చేయించారు, ఆ ఫొటో ఉంది. చివరికి 1886లో, ఆడపిల్లలున్న తరగతిలో మగ మోడల్ గోచీ తీసేశాడని గొడవై, అకాడమీ ఆయన్ని సాగనంపింది. తప్పొప్పులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆయన నడవడి మీద మరికొన్ని ఆరోపణలూ ఉన్నాయి, అవి తేలికైనవి కావు. నేను తీర్పు చెప్పను.

కానీ 1875లో ఆయన వేసిన ‘గ్రాస్ క్లినిక్’ ముందు నిలబడకుండా ఎవరూ ఆయన గురించి మాట్లాడకూడదు. ఇక్కడ డాక్టర్లు చాలామంది ఉన్నారు కదా, మీరు తప్పకుండా చూడాలి. డాక్టర్ శామ్యూల్ గ్రాస్, జెఫర్సన్ మెడికల్ కాలేజీ సర్జన్, విద్యార్థుల ముందు ఆపరేషన్ చేస్తున్నాడు. తొడ ఎముక చీము పట్టింది. ముందు రోజుల్లోనైతే కాలు తీసేసేవాళ్లు. ఈయన చెడిన ఎముక ముక్క తీసేసి కాలు నిలుపుతున్నాడు. ఒక్క క్షణం చెయ్యి ఆపి, తిరిగి, పాఠం చెప్తున్నాడు. వెలుగంతా ఆయన నుదుటి మీద. ఆ తర్వాత వెలుగు ఎక్కడుంది? చేతి మీద. ఆ వేళ్ల మీద నెత్తురు, వేళ్ల మధ్య కత్తి. రోగి మొహం కనబడదు, మత్తు గుడ్డ కింద ఉంది. కనబడేవి తొడ, పిరుదు, ఆ కాళ్లకున్న బూడిదరంగు మేజోళ్లు. ఆ మేజోళ్లు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఎవరో ఇంట్లోంచి తొడుక్కొచ్చిన మేజోళ్లు కదా అవి. ఎడమ పక్కన నల్ల బట్టల్లో ఒకావిడ మొహం కప్పుకుని, వేళ్లు వంకరలు పోయి, చూడలేక ముడుచుకుపోయింది. తల్లి అని అంటారు. సర్జన్లందరూ మామూలు నల్లకోట్లలో ఉన్నారు. తెల్ల గౌను లేదు, చేతికి తొడుగు లేదు. పద్నాలుగేళ్ల తర్వాత ఇదే ఈకిన్స్ ఇంకో ఆపరేషన్ చిత్రం వేశాడు, అందులో సర్జన్లు తెల్లబట్టల్లో ఉంటారు. ఆ రెండు బొమ్మల మధ్య వైద్యం ఎంత మారిందో చూడండి.

1876 ప్రదర్శనలో కళా విభాగంవాళ్లు ఈ బొమ్మని పెట్టుకోలేదు. సైనిక ఆస్పత్రి నమూనా పెట్టినచోట వేలాడదీశారు. తర్వాత జెఫర్సన్ కాలేజీ పూర్వ విద్యార్థులు 200 డాలర్లకి కొని కాలేజీకి ఇచ్చారు. 2006లో ఆ సంస్థ దాన్ని 6 కోట్ల 80 లక్షల డాలర్లకి బయటివాళ్లకి అమ్ముతామంది. ఊరు అంత డబ్బూ తెస్తే ఊళ్లోనే ఉంచుతామని 45 రోజుల గడువిచ్చింది. ఊరు కదిలింది. ఎవరెవరో చందాలు వేశారు. పాఫా, పెద్ద మ్యూజియం కలిసి కొన్నాయి. ఇప్పుడు ఇద్దరి ఉమ్మడి ఆస్తి, కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు అక్కడ. ఆ డబ్బు సర్దడానికి పాఫా ఈకిన్స్‌దే ఇంకో చిత్రం, సెల్లో వాయించే ఆయన చిత్రం, అమ్ముకోవాల్సి వచ్చింది. ఈకిన్స్‌ని సాగనంపిన పదకొండేళ్లకి, 1897లో, అదే అకాడమీ ఆయన దగ్గర కొన్న చిత్రం అది. నాకు ఈ రోజుకీ బాధే. ఒకటి నిలుపుకోవడానికి ఒకటి వదులుకోవాలి. సంసారాలు నడిపేవాళ్లకి తెలియనిది కాదు.

హెన్రీ ఒసావా టానర్ గురించి చెప్పకుండా ముగించను. నల్లజాతి చర్చి బిషప్ కొడుకు. ఈకిన్స్ శిష్యుడు. 1880 ప్రాంతంలో చేరాడు. తోటి విద్యార్థులు కొందరు ఒక రాత్రి అతన్ని తన ఈజిల్‌కే కట్టేసి బ్రాడ్ స్ట్రీట్ నడిమధ్య వదిలేశారని వాళ్లలోనే ఒకాయన తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. ఆ వీధిలోనే మీరు నడిచి వెళ్తారు. టానర్ 1891లో పారిస్ వెళ్లిపోయి పేరు తెచ్చుకున్నాడు. 1899లో ‘నికొదేము’ వేశాడు. రాత్రివేళ, మేడ మీద, ఏసు దగ్గరికి చాటుగా వచ్చిన ఒక ముసలాయన. నీలం చీకటి, మెట్ల కిందనుంచి పైకి వచ్చే పసుపు వెలుగు. 1900లో ఆ బొమ్మని ఎవరు కొన్నారు? ఈ అకాడమీయే కొన్నది. గోడ మీద పెట్టుకుంది, కొత్త పిల్లలు చూసి నేర్చుకోవడానికి. జరిగింది చెరిగిపోతుందా? చెరిగిపోదు. కానీ ఆ గోడ మీద ఆ బొమ్మ ఉంది.

విన్స్‌లో హోమర్ ‘నక్క వేట’, 1893, ఉన్న రోజైతే పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టండి. లోతు మంచులో కాళ్లు దిగబడుతున్న నక్క, మీదికి దిగుతున్న కాకుల గుంపు. కింద మూల హోమర్ సంతకం చూడమనండి, ఆ అక్షరాలు కూడా మంచులో దిగబడుతున్నట్టే రాశాడు. హొరేస్ పిప్పిన్ 1942లో వేసిన చిత్రం కూడా చూడండి, బానిసత్వం మీద తిరగబడ్డ జాన్ బ్రౌన్‌ని ఉరితియ్యడానికి తీసుకెళ్తున్న బొమ్మ. పిప్పిన్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి దెబ్బతిని, ఎడమచేత్తో దానికి ఊతమిచ్చి బొమ్మలు వేసినాయన. బొమ్మలు వెయ్యడం తనంతట తానే నేర్చుకున్నాడు. ఆయన బొమ్మ బడిలో ఉంది.

ఇప్పుడు చేదు సంగతి. 2024 మొదట్లో అకాడమీ ఒక ప్రకటన చేసింది: సొంత డిగ్రీ కోర్సులు 2024-25తో ఆపేస్తున్నాం, ఖర్చు పెరిగింది, చేరేవాళ్లు తగ్గారు అని. సర్టిఫికెట్ చదువు, పిల్లలకీ పెద్దలకీ తరగతులు ఉంటాయి. గీసే చేతులు ఆ ఇంట్లో ఉంటాయి. అయినా, కింద బడి, పైన బొమ్మలు అని ఇందాకటి నుంచి చెప్తున్నానే, ఆ కింది అంతస్తు పలచబడితే పై అంతస్తుకి అర్థం తగ్గుతుందా తగ్గదా? తగ్గుతుందనే నా నమ్మకం.

ఇది మనకి కొత్త కథ కాదు. రాజమండ్రివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు కదా. దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, ఇంకెక్కడో స్థిరపడకుండా సొంతూరికొచ్చి చిత్రకళ బడి పెట్టాడు. 1925లో మశూచి వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. ఆయన పేరు మీద ఆ ఊళ్లో గ్యాలరీ ఉంది, దానితో బడి ఉంది. మీలో ఎంతమంది లోపలికి వెళ్లారు? వచ్చేసారి ఊరెళ్లినప్పుడు కోటిలింగాల రేవు చూసి రావడంతో సరిపెట్టకండి, అక్కడికీ వెళ్లండి.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు చెప్పి ఆపేస్తాను. రెండు భవనాలున్నాయి, పాతదీ, పక్కన ఒకప్పటి మోటారుకార్ల కంపెనీ భవనమూ. మధ్యలో ఆకాశంలోకి ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద కుంచె, ఓల్డెన్‌బర్గ్ అనే శిల్పి చేసింది, పిల్లలకి అదే గుర్తు చెప్పండి. ఏ భవనం, ఏ గదులు తెరిచి ఉన్నాయో, ‘గ్రాస్ క్లినిక్’ ఆ నెల ఎవరి దగ్గర ఉందో ముందు కనుక్కుని బయల్దేరండి. అన్నీ చూడాలని పరుగెత్తొద్దు, నాలుగు బొమ్మలు చాలు. పిల్లల చేతికి పెన్సిలూ చిన్న పుస్తకమూ ఇవ్వండి, గీసుకోవచ్చా అని అక్కడున్నవాళ్లని అడిగి ఒక అచ్చుబొమ్మ ముందు కూర్చోబెట్టండి, ఫోను లోపల పెట్టేయండి. పిల్లల తరగతుల వివరాలు కౌంటర్లో అడిగి, వీలుంటే చేర్పించండి. చేరేవాళ్లుంటేనే బడి ఉంటుంది.

ముందు వరుసలో ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా, ఏమిటి మీ సందేహం?